సంతకం ఆమెది, టెండరు ఎవరిది?

పోయిన వానాకాలంలో ఒక పెద్దమనిషి మా కుట్టు కేంద్రానికి వచ్చాడు. మర్యాదగా కూర్చున్నాడు, మంచినీళ్ళు తాగాడు, మిషన్లన్నీ చూశాడు. తర్వాత సంచిలోంచి కొన్ని కాగితాలు తీసి నా బల్ల మీద పెట్టాడు. "అమ్మా, మీరు చెయ్యాల్సిందేమీ లేదు. మీ ఉద్యం నంబరు, మీ సంతకం ఇవ్వండి చాలు. టెండరు మేం వేస్తాం, సరుకు మేం తెప్పిస్తాం, బిల్లు మేం చూసుకుంటాం. వచ్చినదాంట్లో నూటికి రెండు రూపాయలు మీకు" అన్నాడు.

ఆ కాగితాలు రెండు రోజులు నా బల్ల మీదే ఉన్నాయి. విసిరికొట్టానని చెప్పుకోవాలని ఉంటుంది కానీ అది నిజం కాదు. ఆ నెల బ్యాంకు వాయిదా కట్టాలి. ఇద్దరమ్మాయిలకు జీతం బాకీ ఉన్నాను. నూటికి రెండు రూపాయలంటే ఎంతవుతుందో లెక్క వేసి చూసుకున్నాను కూడా. మూడో రోజు ఆ కాగితాలు తిరిగి ఇచ్చేశాను.

అప్పటినుంచి నన్ను ఒక ప్రశ్న వేధిస్తోంది. ఆడవాళ్ళ కోసం చేసిన నియమం గురించి ఆ మనిషికి నాకంటే ఎక్కువ ఎలా తెలుసు? మా కోసం తెరిచారంటున్న తలుపులోంచి మేం లోపలికి పోలేకపోతున్నాం. అతను మాత్రం మా పేరు భుజాన వేసుకుని ఎలా పోగలుగుతున్నాడు? ఈ నాలుగు మాటలూ రాయడం అందుకే.

ముందు ఆ నియమం ఏమిటో చెప్పుకుందాం. 2012లో కేంద్ర ప్రభుత్వం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి కొనుగోళ్ళ విధానం అని ఒక ఉత్తర్వు తెచ్చింది. కేంద్ర మంత్రిత్వ శాఖలు, కేంద్ర ప్రభుత్వరంగ సంస్థలు ఏడాదిలో కొనే సరుకుల్లో, సేవల్లో కనీసం 20 శాతం చిన్న సంస్థల దగ్గర కొనాలన్నది అందులోని మాట. 2015 ఏప్రిల్ నుంచి అది తప్పనిసరి అయింది. 2018లో దాన్ని 25 శాతానికి పెంచారు. ఈ 25లోనే 4 శాతం షెడ్యూల్డు కులాలు, తెగల వారి సంస్థలకు, 3 శాతం మహిళల సంస్థలకు. టెండరు పత్రాలు ఉచితంగా ఇవ్వాలి. ఈ.ఎం.డి. అనే ధరావతు సొమ్ము అడగకూడదు. అతి తక్కువ ధర వేసింది పెద్ద సంస్థ అయితే, దానికి 15 శాతం లోపు ఎక్కువ వేసిన చిన్న సంస్థ ఆ ధరకే దిగివస్తే, మొత్తంలో 25 శాతం వరకు ఆ చిన్న సంస్థకు ఇవ్వాలి. కేవలం కొని అమ్మే వర్తకులకు ఈ సదుపాయం లేదు. సొంతంగా తయారు చేసేవాళ్ళకూ, సేవలందించేవాళ్ళకూ మాత్రమే.

మా ఇంటికి వచ్చిన పెద్దమనిషి వర్తకుడు. అతనికి మిషన్లున్న ఆడమనిషి కావాలి. అందుకే వచ్చాడు.

ఇక అర్హత సంగతి. ఏది మహిళల సంస్థ? సొంత సంస్థ అయితే యజమాని స్త్రీ కావాలి. భాగస్వామ్యమైతే స్త్రీల వాటా కనీసం 51 శాతం ఉండాలి. ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ అయితే కనీసం 51 శాతం షేర్లు స్త్రీల పేర ఉండాలి. అంతే. ఆ సంస్థ బ్యాంకు ఖాతా ఎవరు నడుపుతున్నారు, ధర ఎవరు నిర్ణయిస్తున్నారు, సరుకు ఎవరు కొంటున్నారు అని ఈ నిర్వచనం అడగదు. పేరు ఎవరిదో చూస్తుంది, పెత్తనం ఎవరిదో చూడదు.

మనకిది కొత్త సంగతేమీ కాదు. 1993లో రాజ్యాంగ సవరణ వచ్చి పంచాయతీల్లో ఆడవాళ్ళకు మూడో వంతు స్థానాలిచ్చినప్పుడు ఏం జరిగిందో మనమంతా చూశాం. సర్పంచి ఆమె, కుర్చీలో ఆయన. సంతకం కోసం రిజిస్టరు వంటింట్లోకి వచ్చేది. అయినా ఆ రిజర్వేషను వద్దని మనం అనలేదు. కాలక్రమంలో ఎందరో ఆడవాళ్ళు ఆ కుర్చీలో తామే కూర్చోవడం నేర్చుకున్నారు. కాబట్టి ఈ 3 శాతమూ వద్దని నేను అనడం లేదు. ఆ రిజిస్టరు ఇంకా వంటింట్లోనే తిరుగుతోందని మాత్రం అంటున్నాను.

ఇక్కడ నా సంగతి కూడా దాచకుండా చెప్పాలి. పదకొండేళ్ళ కిందట ఈ కేంద్రం పెట్టినప్పుడు నా పేరు మీద పెడదామన్నది మా ఆయన. ఆడవాళ్ళ పేరు మీదైతే అప్పు తేలిగ్గా వస్తుందని ఎవరో చెప్పారట. మొదటి రెండేళ్ళూ చెక్కుబుక్కు ఆయన జేబులోనే ఉండేది. గుడ్డ ఆయనే తెచ్చేవారు, లెక్క ఆయనే రాసేవారు. నేను కుట్టేదాన్ని, పిలిచినప్పుడు సంతకం పెట్టేదాన్ని. ఆయనకు జబ్బు చేసి మంచంలో ఉన్న ఆరు నెలల్లో నేనే హోల్‌సేలు దుకాణానికి వెళ్ళాను, నేనే బేరమాడాను, జి.ఎస్.టి. కాగితాలు నేనే చూశాను. ఆయన లేచి తిరిగేనాటికి చెక్కుబుక్కు నా దగ్గరే ఉండిపోయింది. ఆ మొదటి రెండేళ్ళలో ఏ అధికారో వచ్చి "నువ్వు ఉత్త పేరు మాత్రమే, నీకు అర్హత లేదు" అని కొట్టేసి ఉంటే ఇవాళ నేను లేను. మా దగ్గర పనిచేసే ఏడుగురు ఆడవాళ్ళకు పని ఉండేది కాదు.

అందుచేత పేరు మాత్రమే ఉన్న ఆడవాళ్ళందరినీ దొంగలుగా చూసే పరీక్ష నాకొద్దు. ఇంట్లో మొగుడి చేతిలోంచి చెక్కుబుక్కు మెల్లగా తన చేతికి తెచ్చుకుంటున్న స్త్రీ ఒకరు. ఎవరో కంట్రాక్టరు నూటికి రెండు రూపాయలకు పేరు అద్దెకు తీసుకున్న స్త్రీ మరొకరు. మొదటామెది ప్రయాణం, రెండో ఆమెది మోసపోవడం. ఈ తేడా కాగితాల్లో కనిపించదు. యూనిట్‌కు వచ్చి చూస్తే అరగంటలో తెలుస్తుంది.

రెండో సంగతి, చిన్న అంటే ఎంత చిన్న? 2025 ఏప్రిల్ 1 నుంచి మారిన లెక్క ప్రకారం పెట్టుబడి రెండున్నర కోట్లు, టర్నోవరు 10 కోట్లు దాటకపోతే సూక్ష్మ సంస్థ. పెట్టుబడి 25 కోట్లు, టర్నోవరు 100 కోట్లు దాటకపోతే చిన్న సంస్థ. మా కేంద్రం టర్నోవరు ఏడాదికి 11 లక్షలు. అంటే 11 లక్షల నేనూ, 100 కోట్ల ఆవిడా ఆ ఒకే 3 శాతం కోసం పోటీ పడాలి. ఆవిడ ఎదగవద్దని కాదు. కానీ కొనే అధికారి 3 శాతం లెక్క పూర్తి చేసుకోవడానికి ఎవరి దగ్గరికి పోతాడు? పెద్ద లెక్క ఒక్కసారిగా తీరే చోటికే పోతాడు. లెక్క తీరుతుంది, మాకు మాత్రం ఏమీ అందదు.

ప్రభుత్వ లెక్కలే దీన్ని చెబుతున్నాయి. 2024 మొదట్లో ఉద్యం పోర్టల్‌లో నమోదైన సంస్థల్లో మహిళలవి సుమారు 20 శాతం. వాటి టర్నోవరు మాత్రం మొత్తంలో సుమారు 10 శాతం. మనం లెక్కకు ఎక్కువ, లావాదేవీకి తక్కువ.

మూడోది టెండరు షరతులు. కిందటేడు ఒక కేంద్ర ప్రభుత్వ సంస్థ ఆసుపత్రికి 20 వేల దుప్పట్లు, 20 వేల దిండు గలీబులు కావాలని జెమ్ పోర్టల్‌లో టెండరు పిలిచారు. ధరావతు నుంచి నాకు మినహాయింపు వచ్చింది. ఆ ఒక్కటీ చెప్పినట్టే జరిగింది, అది ఒప్పుకోవాలి. ఆ కిందనే ఇంకో వరస ఉంది. గత మూడేళ్ళ సగటు టర్నోవరు 30 లక్షలు ఉండాలి, ఇటువంటి సరఫరా ముందు చేసి ఉండాలి. ఆ రెండింటి నుంచి చిన్న సంస్థలకు మినహాయింపు ఉందా అన్నచోట "లేదు" అని ఉంది. గడువు 45 రోజులు.

ముందు టర్నోవరు, ముందు అనుభవం అన్న షరతులను చిన్న సంస్థలకు సడలించవచ్చని 2016లోనే సర్క్యులర్ ఉంది. నాణ్యతలో, సాంకేతిక వివరాల్లో తేడా రాకూడదన్నది దానికున్న హద్దు. ఇక్కడ పేచీ అంతా "సడలించవచ్చు" అన్న మాటలోనే ఉంది. సడలించవచ్చు అంటే సడలించకపోవచ్చు కూడా. మా ఏడుగురం రోజుకు నూటయాభై దుప్పట్లు, నూటయాభై గలీబులు కుట్టగలం. 45 రోజుల్లో ఆదివారాలు తీసేస్తే దాదాపు 6 వేలు. ఆ టెండరును నాలుగు ముక్కలు చేసి ఉంటే, ఒక ముక్క మేం నిక్షేపంగా కుట్టి ఇచ్చి ఉండేవాళ్ళం. ఒకే ముక్కగా పెట్టారు కాబట్టి మేం అసలు వెయ్యనే లేదు. తర్వాత ఎవరైనా అడిగితే "మహిళా సంస్థలు ముందుకు రాలేదండీ" అని అంటారు.

షెడ్యూల్డు కులాల ఆడవాళ్ళ సంగతి ఇంకా కష్టం. మా దగ్గర నాలుగేళ్ళు పని నేర్చుకున్న ఒక దళిత అమ్మాయి ఇప్పుడు సొంతంగా మూడు మిషన్లు పెట్టుకుంది. ఆ 4 శాతం గురించి చెప్పినప్పుడు "అక్కా, మనకు నిజంగా అంత ఉందా?" అని అడిగింది. ఉంది. కానీ ఉత్తర్వులో దాని పక్కనే ఇంకో వాక్యం కూడా ఉంది. షెడ్యూల్డు కులాల, తెగల సంస్థలు టెండరులో పాల్గొనకపోతే, లేదా టెండరు షరతులు తీర్చలేకపోతే, ఆ 4 శాతాన్ని ఇతర చిన్న సంస్థల నుంచి పూర్తి చేసుకోవచ్చు. ఇక షరతులు రాసేది ఎవరు? కొనే ఆఫీసే. షరతు గట్టిగా రాస్తే ఆ అమ్మాయి రాలేదు. ఆమె రాకపోతే ఆమె వాటా ఇంకొకరికి పోతుంది. ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు, అన్యాయం మాత్రం ఉంది.

నాలుగోది డబ్బు చేతికి రావడం. రెండేళ్ళ కిందట ఒక ఆఫీసుకు చిన్న ఆర్డరు కుట్టి ఇచ్చాం. బిల్లు 1,86,000. ఎనిమిది నెలలకు వచ్చింది. ఈ లోపల గుడ్డ దుకాణానికి నేను నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టాను. నిజానికి 2006 చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే 45 రోజులు దాటకుండా చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ కట్టాలి. కట్టకపోతే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేసుకోవచ్చు. ఇంత మంచి చట్టం ఉండి కూడా నేను ఫిర్యాదు చెయ్యలేదు. చేస్తే మళ్ళీ ఆర్డరు ఇస్తారా? ఆ భయం పెద్ద కంట్రాక్టరుకు ఉండదు. అతను ఎనిమిది నెలలు ఆగగలడు. ఆగగలగడమే అతని అర్హత.

ఇక మన రాష్ట్రాల్లో ఆడవాళ్ళకు ప్రభుత్వం పని ఇవ్వడం లేదా అని కొందరడుగుతారు. ఇస్తోంది. 2024లో తెలంగాణలో బడిపిల్లల యూనిఫాంలు కుట్టే పని మహిళా సంఘాలకు ఇచ్చారు. మంచిదే, ఎన్నో ఇళ్ళల్లో ఆ డబ్బుతో పొయ్యి వెలిగింది. కానీ గమనించండి, అక్కడ ఆడవాళ్ళకు దక్కేది జతకు ఇంత అని కుట్టుకూలి. గుడ్డ ఎక్కడ కొనాలి, ఏ ధరకు అన్న నిర్ణయం వాళ్ళది కాదు. సారా ఉద్యమం తర్వాత పొదుపు సంఘాల్లో కూడబెట్టడం మొదలుపెట్టి మనకు ముప్ఫై ఏళ్ళు దాటింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ప్రభుత్వానికి మనం కుట్టేవాళ్ళంగానే కనిపిస్తున్నాం. సరఫరా చేసేవాళ్ళంగా ఎప్పుడు కనిపిస్తాం?

కోర్టులు ఈ సంగతి గుర్తించకపోలేదు. అంగన్వాడీ ఆహారం సరఫరాలో కంట్రాక్టర్లు ఉండకూడదని, వీలైనంతవరకు గ్రామ సముదాయాలకు, స్వయం సహాయక సంఘాలకు, మహిళా మండళ్ళకు ఇవ్వాలని 2004 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా మహారాష్ట్రలో 2016లో పిలిచిన టెండర్లలో షరతులు పెద్దవాళ్ళకు అనువుగా ఉన్నాయని చిన్న మహిళా సంఘాలు కోర్టుకెక్కాయి. 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ టెండర్లను కొట్టేసింది. ఆ మహిళలు గెలిచారు. కానీ ఒక టెండరు షరతు తప్పు అని చెప్పించుకోవడానికి ఢిల్లీ దాకా పోవలసి రావడమేమిటి? ఏడుగురు కుట్టుపనివాళ్ళున్న కేంద్రం ఢిల్లీ పోగలదా?

వేరే దేశాల్లో ఎలా ఉందని వెతికాను. అమెరికాలో 1994 చట్టం ఫెడరల్ కంట్రాక్టుల్లో 5 శాతం మహిళల చిన్న సంస్థలకు ఇవ్వాలని లక్ష్యం పెట్టింది. ఆ లక్ష్యం మొదటిసారి తీరింది 2015లో. ఇరవై ఒక్క ఏళ్ళు పట్టింది! అక్కడా 51 శాతం నియమమే. కానీ దానితో ఆగలేదు. రోజువారీ నిర్వహణ, దీర్ఘకాల నిర్ణయాలు స్త్రీ చేతిలో ఉండాలి, సంస్థలో అందరికన్నా పై పదవిలో స్త్రీయే ఉండాలి అన్నారు. కొంతకాలం ఎవరికి వారు ప్రకటించుకుంటే సరిపోయేది. 2020 అక్టోబరు నుంచి వాళ్ళకు కేటాయించిన కంట్రాక్టులకు ధ్రువీకరణ తప్పనిసరి చేశారు.

దానికి ఇంకో పక్క కూడా ఉంది. అక్కడ వెనకబడిన వర్గాల చిన్న సంస్థలకు 8(ఎ) అనే పథకం ఉంది. నల్లజాతివారు, మన దేశం నుంచి వెళ్ళి స్థిరపడినవారు, ఇంకా మరికొన్ని సమూహాల వారు సామాజికంగా వెనకబడినవారని మొదటే అనుకునేవారు. 2023 జులైలో టెనెసీలోని ఒక ఫెడరల్ కోర్టు అలా అనుకోవడం చెల్లదంది. ఆ తర్వాత ప్రతి ఒక్కరూ తమకు జరిగిన వివక్షను ఎప్పుడు, ఎక్కడ, ఎలా అని సొంతంగా రాసి రుజువు చేసుకోవలసి వచ్చింది. బ్యాంకులో మనల్ని నిలబెట్టి మాట్లాడిన మాటకు ఎవరైనా రశీదు ఇస్తారా? రుజువు అడగడం ఎక్కువైతే, చదువూ లాయరూ ఉన్నవాళ్ళకే అర్హత దక్కుతుంది. పెత్తనం ఎవరిదో చూడాలి, నిజమే. చూసే భారం మాత్రం స్త్రీ నెత్తిన పెట్టకూడదు.

కాబట్టి నేను అడిగేవి నాలుగే. 51 శాతంతో పాటు బ్యాంకు ఖాతా, కొనుగోళ్ళు, ధర నిర్ణయం ఎవరి చేతిలో ఉన్నాయో అధికారులే యూనిట్‌కు వచ్చి చూడాలి. కొత్తగా మొదలుపెట్టిన స్త్రీకి రెండు మూడేళ్ళ వ్యవధి ఇవ్వాలి. పేరు అద్దెకు తీసుకున్న కంట్రాక్టరును శిక్షించాలి, పేరిచ్చిన ఆమెను కాదు. 3 శాతంలోనూ 4 శాతంలోనూ సగమైనా సూక్ష్మ సంస్థలకు విడిగా ఉంచాలి. కుట్టుపని వంటి సరుకులకు టెండర్లను చిన్న ముక్కలు చెయ్యాలి, టర్నోవరు సడలింపును "ఇవ్వవచ్చు" అని కాక "ఇవ్వాలి" అని రాయాలి. చెల్లింపు 45 రోజులు దాటితే, మేం ఫిర్యాదు చెయ్యకుండానే వడ్డీ బిల్లులో కలవాలి. కేంద్రం ఉత్తర్వు రాష్ట్రాల కొనుగోళ్ళకు వర్తించదు కనుక, హాస్టళ్ళకూ ఆసుపత్రులకూ ఇంత కొనే మన రెండు రాష్ట్రాల ప్రభుత్వాలనూ ఇవే అడగాలి.

ఈ పత్రిక చదివేవాళ్ళలో చిన్న యూనిట్లు నడిపేవాళ్ళున్నారు. ఉద్యం నమోదు పూర్తిగా ఉచితం, ఆధార్, పాన్ ఉంటే చాలు. దానికి నా దగ్గర ఇంటర్నెట్ సెంటరులో పదిహేను వందలు తీసుకున్నారు. మీరు ఇవ్వకండి. మీ పేరు మీద ఎక్కడైనా టెండరు నడుస్తుంటే ఆ కాగితాలు ఒకసారి అడిగి చూడండి. సరుకు బాగాలేదని నల్లజాబితాలో పెడితే ఎక్కేది మీ పేరే, బాకీ పడితే బ్యాంకు వెతుక్కుంటూ వచ్చేది మీ ఇంటికే.

ఎవరికో ఇప్పటికే సంతకం పెట్టి ఇచ్చినవాళ్ళు సిగ్గుపడి దాక్కోవద్దు. ఆ రెండు రోజులు నా బల్ల మీద కూడా ఆ కాగితాలు ఉన్నాయి. మన సమావేశానికి రండి, మాట్లాడుకుందాం. ఆ పెద్దమనిషి నా దగ్గర్నుంచి లేచి వెళ్ళేటప్పుడు, "మీరు కాకపోతే ఇంకొకరు, అమ్మా" అన్నాడు. ఆ ఇంకొకరు ఎవరో నాకు తెలియదు. మన ఊళ్ళోనే ఎక్కడో ఉన్నారు.